ఆఫీసు మారే ముందు... కింద సంతకం ఎవరిదో చూసుకోండి!

నాలుగు నెలల కిందట ఓ శనివారం సాయంత్రం ఫోన్ మోగింది. "అక్కా, ఎక్కడున్నారు? ఓ పది నిమిషాలు మాట్లాడాలి" అంది. ఆ గొంతు వినగానే తెలిసిపోయింది, ఇది పది నిమిషాల్లో తేలే సంగతి కాదని.

నాంపల్లి కోర్టుల దగ్గర ఇరానీ చాయ్ హోటల్లో కూర్చున్నాం. తను ఎన్‌రోల్ అయి అప్పటికి 2 ఏళ్ల 2 నెలలు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటోంది. ఓ సీనియర్ దగ్గర ప్రాపర్టీ పనులు చూస్తోంది. బ్యాంకులకు లీగల్ ఒపీనియన్లు, కొనేవాళ్లకు టైటిల్ రిపోర్టులు, సేల్ డీడ్ డ్రాఫ్టులు... అన్నీ తన చేతి మీదే.

"ఓ బిల్డర్ ఆఫీసులో లీగల్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం వచ్చిందక్కా. నెలకు 40 వేలు. ఇక్కడ సార్ ఇచ్చేది 15 వేలు. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు."

"మంచి కబురే కదా! మరి మొహం అలా పెట్టావేంటి?"

కాసేపు చాయ్ కప్పు తిప్పుతూ కూర్చుంది. తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది.

ఈసీలో కనపడని చెల్లెలు

శివార్లలో రెండెకరాల భూమి. కొనే పార్టీ వచ్చి టైటిల్ చూడమన్నారు. ఈసీ శుభ్రంగా ఉంది. 1992లో ముగ్గురు అన్నదమ్ములు రిజిస్టర్డ్ పార్టిషన్ చేసుకున్నారు. ఎవరి వాటా వాళ్లది. అప్పటి నుంచి లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా ఉన్నాయి. మామూలుగా అయితే 'టైటిల్ క్లియర్' అని రాసేసే ఫైలు.

ఈ అమ్మాయి ఆగింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తిరగేస్తే అందులో ముగ్గురు కొడుకులతో పాటు ఓ కూతురి పేరూ ఉంది. పార్టిషన్‌లో మాత్రం ఆమె లేదు. పెళ్లి ఎప్పుడైందని అమ్మేవాళ్లను అడిగింది. 1990లో అన్నారు.

ఇక్కడే ఉంది కిటుకు. తండ్రి ఆస్తిలో కూతురి హక్కు అనగానే అందరికీ 2005 చట్టమే గుర్తొస్తుంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకు ఇరవై ఏళ్ల ముందే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లి కాని కూతురికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఈమెకు పెళ్లయింది 1990లో. అంటే ఆ భూమి పూర్వీకుల ఆస్తి అయితే, 1992 పంపకంలో ఆమెకూ వాటా రావాలి. ఈసీ జరిగిన రిజిస్ట్రేషన్లను చూపిస్తుంది. ఎవర్ని వదిలేసి రిజిస్ట్రేషన్ చేశారో చూపించదు.

ఆ పాయింటు రాసి సీనియర్ టేబుల్ మీద పెట్టింది. ఆయన చదివి, తలూపి, 'చెల్లెలితో రిలింక్విష్‌మెంట్ డీడ్ రిజిస్టర్ చేయించాకే కొనాలి' అని చేర్చి సంతకం పెట్టారు. కొనే పార్టీ వచ్చి, "సార్, మీరు లేకపోతే మునిగిపోయేవాళ్లం" అని ఆయనకు దండం పెట్టింది. ఈ అమ్మాయి పక్క గదిలో జిరాక్స్ తీస్తోంది.

"నా పేరు ఎక్కడా లేదక్కా" అంది. "రెండేళ్లుగా ఎక్కడా లేదు."

అప్పుడు అర్థమైంది నాకు. 40 వేలు కారణంలో సగమే. మిగతా సగం ఆ జిరాక్స్ మిషన్ దగ్గర ఉంది.

సంతకం బరువు ఎంతో తెలుసా?

ముందు ఒక మాట చెప్పాను. కొంచెం చేదుగానే ఉంటుంది. "పేరు లేకపోవడం నీకు బాధ. నిజమే. కానీ ఆ సంతకం నిన్ను రెండేళ్లు కాపాడింది కూడా."

మన హైదరాబాద్‌లోనే ఓ బ్యాంకు ప్యానెల్ లాయర్ హౌసింగ్ లోన్లకు ఒపీనియన్లు ఇచ్చారు. తర్వాత ఆ లోన్లు మోసమని తేలింది. సీబీఐ ఆయన్నీ నిందితుల్లో చేర్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మోసంలో చేయి కలిపాడని ఆధారం లేనప్పుడు, కేవలం ఒపీనియన్ తప్పయిందని లాయర్‌ను క్రిమినల్ కేసులో లాగకూడదని 2012లో కోర్టు తేల్చింది. ఆయన బయటపడ్డారు. కానీ అక్కడిదాకా నడిచిన ఆ కోర్టుల దారి ఎవరు నడిచారు? సంతకం పెట్టినాయనే కదా!

కాబట్టి జూనియర్ ప్రాపర్టీ లాయర్ ఎదుగుదల అంటే నా లెక్కలో ఒకటే కొలత. రిపోర్టు కింద మీ పేరు పడే రోజుకు మీరు ఎంత దగ్గరవుతున్నారు? ఆ బరువు మోయడం నేర్పే ఆఫీసు మంచిది. ఆ రోజును దూరం చేసే ఆఫీసు, జీతం ఎంతిచ్చినా, ఆలోచించాల్సిందే.

మూడు దారులు... మూడు లెక్కలు

మన దగ్గర జూనియర్ ప్రాపర్టీ లాయర్‌కు దాదాపు మూడు దారులుంటాయి.

ఒకటి, సీనియర్ ఛాంబర్. జీతం తక్కువ. సిటీల్లో జూనియర్‌కు నెలకు కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. అందుకే చాలాచోట్ల కాగితం మీదే ఉంది. కానీ ఇక్కడ కోర్టు కనపడుతుంది. తప్పుడు టైటిల్‌తో కొన్నవాళ్లు పదేళ్ల తర్వాత బోనులో నిలబడి ఎలా నీళ్లు నములుతారో చూస్తారు. అది చూసినవాడు రాసే రిపోర్టు వేరు.

రెండు, లా ఫర్మ్. పెద్ద పెద్ద ల్యాండ్ డీల్స్, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు, ఆఫీసు లీజులు. డ్రాఫ్టింగ్ బాగా పదునెక్కుతుంది. ఒక్కటే ప్రమాదం. ఏడాదంతా ఒకే రకం లీజులో ఖాళీలు నింపుతూ కూర్చునే అవకాశమూ ఉంది.

మూడు, బిల్డర్ దగ్గరో బ్యాంకులోనో ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. వ్యాపారం లోపలి నుంచి కనపడుతుంది. రెరా రిజిస్ట్రేషన్ ఎలా చేస్తారు, కొనేవాళ్ల డబ్బులో 70 శాతం విడిగా ఖాతాలో ఎందుకు పెట్టాలి, 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ ఎందుకు రిజిస్టర్ చేయాలి... ఇవన్నీ అక్కడ చేతికి అంటుతాయి. ఇంట్లో అవసరం ఉండి ఈ దారి పట్టినవాళ్లను నేను తప్పు పట్టను. అద్దె కట్టాల్సినవాడికి ఆశయం గురించి క్లాసు పీకడం సులువే.

కానీ మూడో దారికి ఒక గేటు ఉంది. బార్ కౌన్సిల్ 49వ నిబంధన. ఫుల్‌టైమ్ జీతానికి చేరితే ఆ విషయం బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ప్రాక్టీసు ఆపేయాలి. 'పొద్దున బిల్డర్ ఆఫీసు, మధ్యాహ్నం కోర్టు' కుదరదు.

ఈ మాట చెప్పగానే తన మొహం మారిపోయింది.

"నాన్నకు జడ్జి పరీక్ష రాస్తానని మాటిచ్చానక్కా!"

అదీ సంగతి! జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తెచ్చింది. తనకు ఇంకా 10 నెలలు కావాలి. బిల్డర్ దగ్గర చేరిన రోజే ఆ మీటరు ఆగిపోతుంది. ఆఫర్ లెటర్‌లో ఈ ముక్క ఎవరూ రాయరు. మనమే చూసుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ 3 ఏళ్లకు సర్టిఫికెట్ కావాలి. ఇచ్చేవారిలో ఒకరు కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉన్న అడ్వొకేట్. దాని మీద ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ ఉండాలి. రెండేళ్లు తనను రోజూ చూసిన 10 ఏళ్ల అడ్వొకేట్ ఎవరు? ఇప్పుడు ఎవరి మీద కోపంతో వెళ్లిపోదామనుకుంటోందో ఆయనే!

నేను చేసిన వెధవ పని

కోపంతో ఆఫీసు మారడం అంటే ఏంటో నాకు బాగా తెలుసు. చేసి చూశాను కాబట్టి.

నా మొదటి ఆఫీసులో 16 నెలలు పనిచేశాను. ఓ రోజు క్లయింట్ల ముందు సీనియర్ గట్టిగా అరిచారు. మర్నాటి నుంచి వెళ్లడం మానేశాను. ఫోన్ తీయలేదు. వారంలో ఇంకో ఆఫీసులో చేరిపోయి, గెలిచాననుకున్నాను.

పన్నెండో రోజు పాత ఆఫీసు క్లర్కు మా ఇంటికే వచ్చాడు. "మేడమ్, ఆ ముసలాయన ఒరిజినల్ దస్తావేజు ఎక్కడ పెట్టారు? మూడు రోజుల నుంచి ఆఫీసంతా వెతుకుతున్నాం" అన్నాడు.

కాళ్లు చల్లబడ్డాయి. 1978 నాటి సేల్ డీడ్. పోల్చి చూద్దామని తీసుకుని, నా అలమరాలో వేరే ఫైలు మధ్య పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితం లేక ఆయన అనుకున్న రోజుకు రిజిస్ట్రేషన్ జరగలేదు. కూతురి పెళ్లి ఖర్చుకు అమ్ముకుంటున్న ప్లాటు అది. పరిగెత్తుకెళ్లి తీసిచ్చాను. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. దస్తావేజును కళ్లకద్దుకుని సంచిలో పెట్టుకున్నారు.

సీనియర్ మాత్రం, "నువ్వు వెళ్లిపోయినందుకు కాదమ్మా. చెప్పకుండా వెళ్లావు చూడు, అదీ నాకు నచ్చనిది" అన్నారు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి నాకు ఏ పనీ రాలేదు. అడిగే మొహమూ నాకు లేదు.

వెళ్లే ముందు నాలుగు పనులు

అందుకే ఇప్పుడు ఎవరు ఆఫీసు మారతామన్నా ఇవే చెబుతాను.

*మొదటిది, అడగండి.* నేను అడిగిన ప్రశ్న ఇదే: "నా పేరు కూడా వేయండి సార్ అని ఎప్పుడైనా అడిగావా?" "లేదక్కా." "జీతం పెంచమని?" "లేదు." మన ఇళ్లలో అమ్మాయిలకు అడగడం నేర్పరు. సీనియర్లకేమో అడక్కుండా ఇవ్వడం అలవాటు లేదు. అడిగి లేదనిపించుకుని వెళ్లడం వేరు. అడక్కుండానే లేదనుకుని వెళ్లడం వేరు.

*రెండోది, కాగితాలు అప్పజెప్పండి.* మీ దగ్గరున్న ప్రతి ఫైలూ ఒక లిస్టు రాయండి. పని ఎక్కడిదాకా వచ్చింది, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఏ ఒరిజినల్ ఎక్కడుంది. ఒరిజినల్స్ ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. వాట్సాప్‌లో 'ఓకే' అంటే సరిపోదు.

*మూడోది, మీవి కానివి తీసుకెళ్లొద్దు.* పెన్ డ్రైవ్‌లో క్లయింట్ల రిపోర్టులు, ఫోన్‌లో దస్తావేజుల ఫొటోలు... అన్నీ వదిలేయండి. క్లయింట్ చెప్పిన రహస్యం కాపాడాల్సిన బాధ్యత ఆఫీసు మారినా మనతోనే వస్తుంది. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. క్లయింట్లకు ఫోన్ చేసి 'నాతో రండి' అని పిలవడమూ తప్పే. పనికోసం వెంటపడటాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. క్లయింటే తనంతట తాను వచ్చినా, కోర్టు కేసయితే పాత వకాలత్ ఉన్న లాయర్ నుంచి నో అబ్జెక్షన్ తీసుకోవాలి. ఇవ్వకపోతే కోర్టు అనుమతి.

మరి మీతో ఏం తీసుకెళ్లొచ్చు? ఒక నోటు పుస్తకం. పేర్లు, సర్వే నంబర్లు లేకుండా, ఏ రకం ఫైల్లో ఏ తప్పు దొరికిందో రాసుకున్నది. 'పార్టిషన్ కనపడితే కూతుళ్ల పెళ్లి తేదీలు అడుగు.' 'ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించు.' 'పహాణీలో అసైన్డ్ అని ఉందేమో, 22-ఏ లిస్టులో ఉందేమో చూడు.' 'చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ మ్యాపు అడుగు.' పోర్టళ్లు మారిపోతాయి. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. ఈ నోటు పుస్తకం మాత్రం మీది. ఏ సీనియరూ వెనక్కి అడగడు.

*నాలుగోది, కొత్త ఆఫీసు కాగితం చదవండి.* ఊళ్లోవాళ్ల దస్తావేజులన్నీ భూతద్దం పెట్టి చదివే మనం, మన అపాయింట్‌మెంట్ లెటర్ చదవకుండా సంతకం పెడతాం! ఉద్యోగం మానేశాక ఫలానా చోట పనిచేయకూడదన్న షరతు మామూలుగా చెల్లదు. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. కానీ బాండు సంగతి వేరు. ఓ ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, 3 ఏళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 'బాండ్లు చెల్లవులే' అని ఫ్రెండ్ చెప్పాడని సంతకం పెట్టొద్దు.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి

వాళ్లే అడగాలి, మనం జవాబులే చెప్పాలి అని రూలేం లేదు. మర్యాదగా ఈ నాలుగూ అడగండి.

నేను రాసిన డ్రాఫ్టు ఎవరు దిద్దుతారు? దిద్దింది నాకు చూపిస్తారా?

క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు నన్ను కూర్చోనిస్తారా?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, సైటుకు వెళ్లే పని ఉంటుందా, లేక కంప్యూటర్ ముందేనా?

ఎన్నాళ్లకు నా పేరుతో రిపోర్టు వెళ్తుంది?

చివరి ప్రశ్నకు నవ్వి మాట మార్చేస్తే మీకు జవాబు దొరికినట్టే. 'రెండేళ్లు పడుతుంది, ముందు ఇది నేర్చుకో, తర్వాత అది' అని లెక్క చెప్పేవాళ్లు దొరికితే, నాలుగు వేలు తక్కువైనా అక్కడ కూర్చోండి.

తర్వాత ఏమైందంటే...

సోమవారం తను బిల్డర్‌కు ఫోన్ చేసి ఇప్పుడు కుదరదని చెప్పింది. తేలికేం కాదు. 40 వేలు వదులుకున్న రోజు హాస్టల్లో ఎవరితోనూ మాట్లాడలేదట.

బుధవారం సీనియర్‌ను అడిగింది. ఆయన కాసేపు ఏమీ అనలేదట. తర్వాత, "జీతం 3 వేలకు మించి పెంచలేనమ్మా, నా పరిస్థితి అది. పేరంటావా... బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నది నా పేరు, అక్కడ కుదరదు. ప్రైవేటు రిపోర్టుల్లో వేయొచ్చు. కానీ పేరు వేశాక రాత్రి నిద్ర పట్టదు, చూసుకో" అన్నారట.

ఆ మాట విన్నాక తనకు కోపం పోయింది. కానీ 18 వేలతో సిటీలో బతకడం కష్టం. ఇంకో నెల వెతికింది. కోర్టు పనీ, టైటిల్ పనీ రెండూ ఉన్న ఓ చిన్న ఆఫీసు దొరికింది. నెలకు 26 వేలు. ప్రాక్టీసు ఆగదు. సీనియర్‌కు నెల ముందే చెప్పింది. ఫైళ్ల లిస్టు రాసిచ్చింది, ఒరిజినల్స్‌కు సంతకం తీసుకుంది. సర్టిఫికెట్ అవసరమైనప్పుడు రమ్మని ఆయనే అన్నారట. పాత ఆఫీసులో చివరి రోజు స్వీట్లు కూడా పంచింది.

మొన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. టైటిల్ రిపోర్టు చివరి పేజీ. క్లయింట్ పేరు, సర్వే నంబరు కనపడకుండా తెల్లకాగితం ముక్క అడ్డం పెట్టింది. కింద కొత్త సీనియర్ సంతకం. దాని పక్కనే, చిన్న అక్షరాల్లో 'పరిశీలించినవారు' అని తన పేరు, తన సంతకం.

"కంగ్రాట్స్ రా!" అని పెట్టాను.

"థాంక్యూ అక్కా. నిద్ర పట్టట్లేదు" అంది.

లాయర్ అయిపోయినట్టే!